పొయ్యి దగ్గర ఆమె చోటు

ఆ ఉదయం నేను మా ఊరి రోడ్డు పక్కన భద్రాచలం వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిసంచిలో ఫ్లాస్కు నిండా గంజి, ఉతికిన చీర, దవాఖానా చీటీలు, చిన్న సీసాలో చింతకాయ పచ్చడి. ఏదీ మరచిపోకుండా ముందురోజే కాగితం మీద రాసుకొని, ఒక్కొక్కటి సర్దుకున్న తరువాత దానికి గీత కొట్టుకున్నాను. పచ్చడి వద్దని డాక్టరు చెప్పారు. కావాలని ఆమె చెప్పింది. అందుకని దాన్ని అన్నిటికంటే కింద, చిన్న అక్షరాలతో రాసుకున్నాను.

నా బస్సు ఇంకా రాలేదు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు పోయే బస్సు వచ్చి ఎదుటి పక్కన ఆగింది. కండక్టరు దిగి, వానకు టికెట్ల సంచి తలమీద పెట్టుకొని, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. మా ఊరి ప్రభుత్వ హాస్టల్‌లో ఉండి చదువుకొని ఉద్యోగంలో చేరినవాడు.

"అన్నా, నువ్వు ఎక్కకు. వంటమ్మ పోయింది. తెల్లారంగనే పోయిందంట. బిడ్డోళ్ళు ఎనక ఆటోల తీస్కొస్తున్నరు."

అతడు నా సంచి వైపు చూసి, "నాకు డ్యూటీ ఉన్నదన్నా. పొద్దుగూకే ట్రిప్పుకు వస్త" అని మళ్ళీ రోడ్డు దాటాడు. బస్సు కదిలింది. వానలో సంచి పట్టుకొని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

వంటమ్మ అన్న మాట పాఠకులకు మామూలు మాటగానే వినిపిస్తుంది. హాస్టల్‌లో వండిపెట్టే ఆమెను పిల్లలు అలాగే పిలుస్తారు. అయితే మా పక్కింటి అక్క ఆ పిలుపు కోసం తాను పనిచేస్తున్న శాఖ మీదనే కేసు వేసింది. ఆ కేసు కాగితాలు మొదట రాసింది నేను. ఏడో తరగతితో చదువు ఆగినా, భద్రాచలంలో ఒక రేకుల పంచన టైపు మిషను ముందు కూర్చొని పదిమందికి అర్జీలు రాస్తూ, వాటికి వచ్చే జవాబులు చదువుతూ నేర్చుకున్న విద్య నాది. ఆమె గురించి ఇప్పుడు రాస్తున్నది కూడా ఆ చేతితోనే. ఎక్కడైనా అర్జీ వాసన తగిలితే మన్నించాలి.

ఆమెది వేంసూరు మండలంలో ఒక ఊరి మాదిగవాడ. పెళ్ళయి మా వైపు వచ్చింది. భర్త చిన్న వయసులోనే పోతే, కూలికి పోతూ ఒక్క కూతురును పెంచింది. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లో హాస్టల్‌లో వంటమనిషి ఉద్యోగం వచ్చింది. ఆర్డరులో అలాగే ఉంది: వంటమనిషి. చేరవలసిన రోజు తెల్లవారకముందే తలస్నానం చేసి, తన ఇంట్లోని గంటెను చింతపండుతో తోమి కొంగులో చుట్టుకొని బయలుదేరింది. "సర్కారోళ్ళ గంటె ఎట్లుంటదో ఏమో తమ్మీ, నా చేతికి అలవాటైంది ఒకటి ఉండాలె గద" అన్నది. 

సాయంత్రం గంటె చుట్టిన కొంగు విప్పకుండానే తిరిగి వచ్చింది. వార్డెన్ ఆమె చేతికి చీపురు ఇచ్చాడు. "ఇయ్యాల్టికి బయట ఊడ్వమ్మా, రేపు చూద్దాం" అన్నాడట.

ఆ రేపు సంవత్సరాల తరబడి రాలేదు. ఆవరణ ఊడ్వడం, మరుగుదొడ్లు కడగడం, గిన్నెలు తోమడం ఆమె పనులయ్యాయి. పెద్ద అధికారి తనిఖీకి వచ్చినా, జెండా పండుగకు మిఠాయి చేసినా చేతులు సరిపోక ఆమెను వంటింట్లోకి పిలిచేవారు. కూరగాయలు తరగవచ్చు, కట్టెలు ఎగదోయవచ్చు. కుండలో గంటె మాత్రం పెట్టరాదు. అవసరం తీరగానే మళ్ళీ బయటికి. వంటింట్లో అప్పటికే ఒక పెద్ద వంటామె ఉండేది. ఈమె కుండలో గంటె పెడితే తాను పొయ్యి ముట్టనని ఆమె మొదటిరోజే చెప్పింది. వార్డెన్‌కు ఆ మాట చాలింది.

అక్క ఒకసారి నిలదీస్తే వార్డెన్ కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడే మనిషి కాదు. "జీతం ఒక్కటే గదమ్మా. పొయ్యి కాడ పొగల సచ్చే బదులు సల్లగ బయట ఊడ్సుకో. నీ మేలు కోరే చెప్తున్న" అన్నాడట. 

ఆ రోజే ఆమె మా అరుగు మీద కూర్చొని, "తమ్మీ, నాకొక కాయితం రాయాలె" అన్నది.

"ఏమని అక్కా?"

"నన్ను వంటింట్లకు రానియ్యమని."

అర్జీ అంటే మొదట నష్టం ఏమిటో చూపాలి. నా అలవాటు ప్రకారం ఒక్కొక్కటి అడిగాను. జీతం తగ్గిందా? లేదు. సెలవులు తగ్గాయా? లేదు. హోదా తగ్గించినట్టు కాగితం ఏదైనా ఇచ్చారా? నోటిమాట తప్ప కాగితమే లేదు. అన్నీ విని నేను కలం మూసి, "అక్కా, నష్టం ఏంటిదని అడుగుతరు. ఏమని రాయాలె?" అన్నాను. 

ఆమె తన కుడిచేయి నా ముందు చాపింది. "నా చేతిల జీతం పెడ్తరు. నా చేతి బువ్వ తినరు. గిదేం లెక్కనో గది రాయి."

నాతో అర్జీలు రాయించుకున్నవాళ్ళలో అంత తేటగా విషయం చెప్పినవారు మరొకరు లేరు. దాన్ని ఆఫీసు భాషలోకి మార్చడానికి నాకు ఒక పగలంతా పట్టింది. మార్చిన తరువాత చూస్తే, ఆమె చెప్పిన దానికంటే తక్కువగానే ఉంది.

శాఖ నుంచి వచ్చిన జవాబు ఇది: ఆమె వంట చేస్తే పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు, హాస్టల్ నడవడం కష్టమవుతుంది. ఆ తల్లిదండ్రులు కోయ గూడేలలో పోడు చేసుకునేవారు, తునికాకు కోసేవారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. అడగకుండానే వాళ్ళ పేరు మీద ఒక అభ్యంతరం ఫైలులో కూర్చున్నది.

దానితో కేసు హైదరాబాదుకు, ఉద్యోగుల తగాదాలు వినే ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. ఫీజు అడగని ఒక వకీలమ్మ దొరికింది. వాయిదా ఉన్నప్పుడల్లా ఇద్దరం కొత్తగూడెం పోయి రైలెక్కేవాళ్ళం. వాయిదాకు ఏమేమి కావాలో నేను రాసుకునేవాణ్ణి. తిండి సంగతి ఆమె రాయనిచ్చేది కాదు. స్టీలు డబ్బా నిండా పులిహోర, విస్తరాకుల కట్ట, ఉప్పులో ఊరిన మిరపకాయలు. రైలు పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్ళకు పెట్టకుండా తాను తినేది కాదు. పెట్టే ముందు మాత్రం, "మేం మాదిగోళ్ళమమ్మా, తింటరా?" అని నవ్వుతూ అడిగేది. కొందరు తినేవారు. కొందరికి అప్పుడే కడుపు నిండినట్టు గుర్తుకు వచ్చేది. ఎవరినీ రెండోసారి అడిగేది కాదు.

ఒక వాయిదా నాడు మధ్యాహ్నం దాటినా మా కేసు పిలవలేదు. శాఖ తరఫున ఫైలు మోసుకొని వచ్చే గుమాస్తా వరండాలో స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. ఆయనా మా రైలులోనే వచ్చాడు. ఈమె ఎవరో, ఏ కులమో ఆయన చంకలోని ఫైలులోనే ఉంది. అక్క ఆయనను కొంతసేపు చూసి, విస్తరి పరచి, "సారూ, పొద్దటి సంది ఏం తిన్నట్టు లేవు. రా, కూసో" అన్నది.

ఆయన అటూ ఇటూ చూశాడు. కూర్చున్నాడు. తిన్నాడు. ఇంకొంచెం అడిగి పెట్టించుకున్నాడు. చేయి కడుక్కొని లోపలికి పోయి, ఈమె వండితే ఎవరూ తినరని రాసి ఉన్న ఫైలును ప్రభుత్వ వకీలుకు అందించాడు.

నాకు ఒళ్ళు మండింది. "అక్కా, ఇది మన వకీలమ్మకు చెప్త. ఇప్పుడే జడ్జి ముందల నిలబెట్టి అడిగిపిస్త."

ఆమె నా చొక్కా పట్టుకొని ఆపింది. "వద్దు తమ్మీ. ఆకలై తిన్నడు. నా బువ్వ తిన్నోన్ని నేనే నలుగుట్ల నిలబెడితె, రేపు నా చేతిది ఎవరు తింటరు? కేసు గెల్వాలనే ఉన్నది నాకు. గట్ల మాత్రం వద్దు."

వకీలమ్మకు మేము ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఆ గుమాస్తా తరువాత కూడా ఫైలు తెస్తూనే ఉన్నాడు. అక్క విస్తరి వేస్తూనే ఉన్నది. 

ఆ వాయిదాల్లోనే ఒకనాడు జడ్జిగారు, అభ్యంతరం చెప్పిన తల్లిదండ్రులు ఎవరో, ఏమన్నారో రాతపూర్వకంగా చూపమని శాఖను అడిగారు. చూపడానికి ఏమీ లేదు. గడువు తీసుకొని, ఆ పని వార్డెన్‌కు అప్పగించారు. ఆయన సంతరోజున గూడేలవాళ్ళను హాస్టల్‌కు రమ్మని కబురు పెట్టాడు. అక్క వంట తమకు సమ్మతం కాదని రాసిన కాగితం సిద్ధంగా ఉంది. దాని కింద వేలిముద్రలు పడాలి, అంతే.

మా వైపు ఒక పద్ధతి ఉంది. గూడెం నుంచి నడిచి వచ్చిన మనిషికి ముందు అన్నం పెట్టాలి, తరువాతనే పని మాట ఎత్తాలి. అన్నం పెట్టకుండా పిలిచిన మీటింగులో ఎవరూ కూర్చోరు. వార్డెన్‌కు ఆ పద్ధతి తెలుసు. తెలియనిదల్లా, సరిగ్గా ఆ వారమే పెద్ద వంటామె కీళ్ళ జ్వరంతో మంచం పడుతుందని. పొద్దెక్కేసరికి జనం వచ్చి కూర్చున్నారు. పొయ్యి వెలగలేదు. ఆయన చీపురు పట్టుకొని ఉన్న అక్క దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఇయ్యాల్టికి నువ్వే ఎట్లనో సర్దాలె."

"సారూ, మీటింగు దేని గురించో యాదికున్నదా మీకు?"

"ఉన్నదమ్మా, ఉన్నది. వండి పెట్టు. బయటికి మాత్రం రాకు."

ఈ సంభాషణను ఆమె నాకు ఎన్నోసార్లు చెప్పింది. వార్డెన్ గొంతును అనుకరించి చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చివరి మాట దగ్గర నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

ఆ రోజు నేను పనికి పోకుండా హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డాను. అన్నం, పప్పు, ఎండు చేపలు వేసిన వంకాయ కూర. వాసన గేటు దాకా వచ్చింది. అందరూ తింటుండగా వార్డెన్ కాగితం చదివాడు. తెలుగు బాగా వచ్చిన ఒక పెద్దమనిషి దాన్ని కోయభాషలో మిగతావాళ్ళకు చెప్పాడు. కొంతసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఆ తరువాత ఆయన వార్డెన్ వైపు తిరిగాడు.

"సారూ, అదటుంచు. ఈ వంకాయ ఎవరు వండిన్రు?"

వరుసలో కూర్చున్న పిల్లలంతా వంటింటి గుమ్మం వైపు చూశారు. దాచడానికి ఇక ఏమీ మిగలలేదని తెలిసి, అక్క చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

పెద్దమనిషి ఆమెను చూశాడు, విస్తరిని చూశాడు, పెద్దగా నవ్వాడు. "తిన్నంక అడుగుతున్నవ్ సారూ! తినకముందు అడగాల్సింది." ఆయన పక్కనున్న ఒక తల్లి మాత్రం ఎవరి వైపూ చూడకుండా, "ఇంక కొంచెం ఉన్నదా అమ్మా?" అన్నది.

ఇద్దరు ముగ్గురు విస్తరి వదిలి, చేతులు కడుక్కొని వెళ్ళిపోయారు. అది కూడా ఇక్కడ రాయవలసిందే. కాని కాగితం మీద ఒక్క వేలిముద్ర పడలేదు.

ఆ సాయంత్రం నేను సంబరంగా వాళ్ళింటికి పోతే ఆమె దిగులుగా కూర్చొని ఉన్నది. "చెప్పి పెట్టాల్సింది తమ్మీ. దాసిపెట్టి తినిపిచ్చినట్టయింది" అన్నది. రైలులో ముక్కూమొహం తెలియనివారికి కూడా కులం చెప్పి పెట్టిన మనిషి ఆమె. తరువాతి సంతరోజున గేటు దగ్గర నిలబడి, గూడేల నుంచి వచ్చిన ఒక్కొక్కరికి, "మొన్న వండింది నేనే. మేం మాదిగోళ్ళం. మీకు ముందల చెప్పకపోతిని" అని చెప్పింది. ఆ పెద్దమనిషి వింటూ ఆగి, "తెలుసు లేమ్మా. వంకాయ మళ్ళెప్పుడు?" అన్నాడు.

వంకాయ కోసం ఆయన ఇంకా చాలాకాలం ఆగవలసి వచ్చింది. శాఖ వాయిదాలు అడుగుతూ పోయింది. చివరకు చూపడానికి కాగితం లేదని ఒప్పుకోక తప్పలేదు. ఏ పనికి నియమించారో ఆ పనిలోనే ఆమెను ఉంచాలని ఉత్తర్వు వచ్చింది. నేను దాన్ని చదివి అర్థం చెప్పాను. ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎప్పటి సంది?"

"రేపటి సంది అక్కా."

"ఈ రేపు నిజంగ వస్తదా?" అన్నది.

వచ్చింది. కొంగులో గంటె చుట్టుకొని మళ్ళీ బయలుదేరింది. ఆ వంటింట్లో రెండు పొయ్యిలు ఉండేవి. లోపలికి పోయి, "అక్కా, ఏది నాది?" అని పెద్ద వంటామెను అడిగింది. పెద్ద వంటామె గడ్డంతో కిటికీ కింది పొయ్యి చూపింది. గాలి ఎటు వీచినా పొగ తిరిగి మొహానికే కొట్టే పొయ్యి అది. ఈమె దాని ముందు కూర్చుంది. ఇద్దరూ ఒకరికొకరు వీపు పెట్టి వండేవారు. పెద్ద వంటామె ఇంటి నుంచి డబ్బా తెచ్చుకునేది. హాస్టల్ కుండలోది తినేది కాదు. ఆమెను మార్చాలని గాని, పొయ్యి మార్చుకోవాలని గాని అక్క ఎవరినీ అడగలేదు. అర్జీ రాస్తానంటే నన్ను కసిరింది. "కోర్టు తలుపు దాకనే తెరుస్తది తమ్మీ. లోపట మనమే కూసోవాలె."

వంట పూర్తికాగానే గంటెతో గుండిగ అంచు మీద రెండుసార్లు కొట్టేది. పిల్లలకు అదే పిలుపు. పెద్ద వంటామె కేక వేసి పిలిచేది. అక్క ఎప్పుడూ కేక వేయలేదు. వడ్డిస్తూ ఒక్కొక్కరిని ఏదో ఒకటి అనకుండా ఊరుకునేది కాదు. "ఏందిరా, కోడిపిల్ల ఏరినట్టు ఏరుతున్నవ్?" "నువ్వు నిన్న అలిగి తినలేదంట, నా కూర మీదనా, సారు మీదనా?" పిల్లలు ఎప్పటి నుంచి వంటమ్మ అని పిలవడం మొదలుపెట్టారో నాకు తెలియదు. ఎవరూ చెప్పి పిలిపించింది కాదు.

ఒకనాడు చీకటి పడకముందే ఆమె మా అరుగు మీదికి వచ్చింది. మొహం వెలిగిపోతున్నది. ఉత్తర్వు వచ్చిననాడు కూడా అలా చూడలేదు. "తమ్మీ, ఇయ్యాల పెద్దామె తన చారు గంటెలో పోసి నాకిచ్చింది. ఉప్పు చూడు, నాకు జలుబు చేసింది అన్నది."

"సరిపోయిందా అక్కా?"

"కొంచెం తక్కువున్నది. చెప్పిన. ఏసుకున్నది."

ఆ తరువాత పెద్దామె ఇంటి డబ్బా రావడం ఆగిపోయిందని ఆమె నాకు చెప్పలేదు. కండక్టరు చెప్పాడు. అప్పటికి అతడు పదో తరగతి.

దగ్గు ముదిరిన తరువాత నేను ఆ కిటికీ కింది పొయ్యి మాట ఎత్తితే, "పొగ గాని ఇంకోటి గాని, నేను అడిగి తెచ్చుకున్న చోటు తమ్మీ అది" అనేది. భద్రాచలం దవాఖానాలో చేర్చిననాడు కూడా, పిల్లలకు ఆదివారం గుడ్లు ఉడికించింది ఎవరని నన్ను అడిగింది.

ఆ ఉదయం ఆటో వచ్చి ఇంటి ముందు ఆగగానే మొదట వచ్చింది పెద్ద వంటామె. అక్క రెండు చేతులనూ తన కొంగుతో తుడిచి, ఛాతీ మీద సరిగా పెట్టి, వచ్చినంత త్వరగా వెళ్ళిపోయింది. మట్టి చేసేటప్పుడు ఆమె లేదు. హాస్టల్‌లో పిల్లలు ఉన్నారు, వాళ్ళకు వండాలి. గూడేల నుంచి జనం తడుస్తూ వచ్చారు. వంకాయ అడిగిన పెద్దమనిషి కర్ర పట్టుకొని వచ్చాడు. 

పొద్దుగూకే వేళకు వేంసూరు చుట్టాలను ఎక్కించడానికి హాస్టల్ ముందరి స్టాపుకు వచ్చాము. దుమ్ముగూడెం నుంచి తిరిగి వస్తున్న బస్సు ఆగింది. కండక్టరు దిగి అక్క కూతురు పక్కన కొంతసేపు నిలబడ్డాడు. చుట్టాలు ఎక్కారు. అతడు చివర ఎక్కి, మెట్టు మీద నిలబడి, "రైట్" అనడానికి నోరు తెరిచాడు.

అప్పుడు హాస్టల్ వంటింట్లో నుంచి గుండిగ అంచు మీద గంటెతో కొట్టిన చప్పుడు వినిపించింది. రెండుసార్లు. లోపల ఉన్నది పెద్ద వంటామె ఒక్కతే. ఇన్నేళ్ళలో ఆమె పిల్లలను కేకవేసి తప్ప పిలవలేదు.

కండక్టరు అలాగే నిలబడిపోయాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. కిటికీ కింది పొయ్యి పొగ వానలోకి మెల్లగా వస్తున్నది. లోపల పిల్లలు వరుసగా పళ్ళేలు కింద పెడుతున్న చప్పుడు మొదలయ్యాక గాని అతడు "రైట్" అనలేదు.